బాబాయి చొక్కా కొలతలు

మా కుట్టు స్కూల్లో కుట్టు తప్ప అన్నీ ఉన్నాయి. రెండు మెత్తటి సోఫాలు, కిటికీలో ఎప్పుడు చూసినా అప్పుడే నీళ్ళు తాగినట్టుండే ఒక మొక్క, గోడ మీద ఏ ఊరిదో తెలియని సముద్రం ఫోటో, ఎటు తిరిగి కూర్చున్నా చేతికందేలా టిష్యూ పెట్టెలు. మా టీచరు గారు జాకెట్టు హుక్కు ఊడితే పిన్నీసు పెట్టుకుంటుంది. అయినా సరే, కింద మందుల షాపు పక్కన, మెట్ల మొదట్లో, కళ్ళజోడు లేనివాళ్ళకి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటుంది: కుట్టు శిక్షణ కేంద్రం, ఆడవారికి మాత్రమే.

ఆ బోర్డు అంతకుముందు అద్దెకున్నవాళ్ళది. వాళ్ళు ఖాళీ చేస్తూ బోర్డునీ, బెల్టు తెగిన ఒక మిషనునీ వదిలేసి పోయారు. తర్వాత ఆ మేడ మీదికి వచ్చింది లైంగిక హింస అనుభవించిన ఆడవాళ్ళకి కౌన్సెలింగ్ చేసే సంస్థ. నిన్న జరిగినా, పాతికేళ్ళ కిందట జరిగినా రావచ్చు. అయితే ఆ సంగతి బోర్డు మీద రాసి వీధిలో వేలాడదీస్తే మందుల షాపు ముందు నిలబడ్డ జనం కళ్ళెదుట ఆ మెట్లు ఎవరెక్కుతారు? కొత్త పేరు కోసం సంస్థ కమిటీ కూర్చుంది. వెలుగు అన్నారు, వేకువ అన్నారు, ఒకాయన రెక్కలు అన్నాడట. టీలు అయిపోయాక ఎవరో, పాత బోర్డే ఉంచేస్తే పోలా అన్నారు. ఆ కమిటీ పుట్టి బుద్ధెరిగాక చేసిన ఒకే ఒక్క తెలివైన పని అదేనని మా మేడం అంటుంది. మేమెవరం ఒప్పుకోం. ఇంట్లోవాళ్ళు బట్టలు కుట్టిపెట్టమని పీక్కుతినేది మమ్మల్ని, కమిటీని కాదు.

మేడం అంటే మా కౌన్సెలర్. మేం పెట్టుకున్న పేరు టిష్యూ మేడం. మన గొంతు కాస్త జీరపోతే చాలు, ఆవిడ చెయ్యి పెట్టె మీదికి పోతుంది. నేను మొదట్లో ఏడవలేదు. ఆవిడ ఏమీ అనలేదు గానీ, వెళ్ళిన ప్రతిసారీ పెట్టె నాకు ఇంకాస్త దగ్గరగా జరిగి ఉండేది. ఏడవకపోతే ఏదో ఒక రోజు ఆ పెట్టె నా ఒళ్ళోకే ఎక్కి కూర్చుంటుందని భయపడి ఏడ్చాను. ఒకసారి మొదలెట్టాక ఒక పెట్టె సరిపోలేదు, అది వేరే సంగతి.

నేను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. పొద్దున్నించీ ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముక్కులూ మొహాలే నా పని. కళ్ళ మధ్య దూరం కొలుస్తాను, చెవుల వెనక కాడలు వంచుతాను, జోడు ముక్కు మీద జారుతోందో లేదో తల ఊపి చూడమంటాను. ఎవరి మొహం ముట్టుకున్నా నాకేమీ ఇబ్బంది లేదు. ఒక రోజు మాత్రం ఒకాయన తలకి రాసుకున్న నూనె వాసన తగిలి, చేతిలో ఉన్న ఫ్రేము రెండు ముక్కలైంది. అది మా బాబాయి రాసుకునే నూనె. మా షాపు ఓనరమ్మ ముక్కలు ఏరి పారేసి, నన్ను ఏమీ అడక్కుండా, ఈ మేడ అడ్రసు చెప్పింది. ఆవిడకి ఎలా తెలుసని నేనూ అడగలేదు.

బాబాయి సంగతి చెప్పాలి. డిగ్రీ ఆఖరి ఏడాది నేను వాళ్ళింట్లో ఉండి చదువుకున్నాను. పిన్ని ఆసుపత్రిలో నర్సు, వారం విడిచి వారం నైట్ డ్యూటీ. మిగతాది మీకు అర్థమయ్యే ఉంటుంది. అర్థం కాకపోతే మీరు అదృష్టవంతులు. వివరాలు ఇక్కడ చెప్పను, వాటికి ఆ మేడ మీద ఒక గది ఉంది, ఆ గదికి తలుపుంది. నాన్న పోయాక మా ఇంటికి పెద్దదిక్కు ఆ బాబాయే. తమ్ముడి ఉద్యోగం ఆయన మాట సాయంతో వచ్చింది, అమ్మ మోకాళ్ళకి డాక్టరుని చూసిపెట్టింది ఆయనే. ఇంట్లో ఫ్యాను తిరక్కపోయినా ముందు బాబాయికే ఫోను పోతుంది. నేను పెళ్ళి వద్దన్నప్పుడు, దాన్ని బలవంతం చెయ్యకండి, ఆడపిల్ల మనసు తెలుసుకోవాలి అని అందరికీ నచ్చజెప్పింది కూడా ఆయనే. ఎంత మంచివాడో చూశారా.

ఆ మెట్లెక్కుతూ నేను అమ్మ స్నేహితురాలి కంట్లో పడ్డాను. ఇంటికెళ్ళేసరికి అమ్మ మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగిపోతోంది.

"కుట్టు నేర్చుకుంటున్నావటగా! చెప్పవేమే? ఇన్నాళ్ళకి ఒక మంచి బుద్ధి పుట్టింది!"

అడ్డంగా దొరికిపోయానని నేననుకుంటుంటే, అమ్మ నన్ను తనే ఒడ్డున పడేసింది. అవునన్నాను. ఆ ఒక్క అవును నా కొంప ముంచింది. మర్నాటికల్లా నైటీకి గుడ్డ వచ్చేసింది.

నా ఒక్కదానికే అనుకుంటే, అక్కడ అందరిదీ ఇదే గోల. మా గ్రూపులో ఒక బ్యాంకావిడ ఉంది. లోన్ల సెక్షన్లో ఆవిడ పెన్ను ఎత్తితే మేనేజరు నీళ్ళు తాగుతాడు. ఆవిడ అత్తగారు మాత్రం ఇంటికంతటికీ కర్టెన్లు కుట్టమని కూర్చుంది. బస్సు కండక్టరమ్మకి ఇద్దరు ఆడపిల్లల గౌన్ల ఆర్డరు. రిటైరైన పంతులమ్మకి దిండు గలీబులు. ఆవిడైతే నలభై ఏళ్ళ కిందటి మాట ఎవరికీ చెప్పకుండా మోసుకుని అక్కడికొచ్చింది, తీరా వచ్చాక గలీబుల గురించి దిగులు పడుతోంది. వారం వారం గ్రూపులో కూర్చోగానే టిష్యూ మేడం మెత్తగా, "ఈ వారం మీ మనసులో ఏముంది?" అనేది. "జిప్పు" అనేది కండక్టరమ్మ.

"మనం ఇక్కడ భావాల గురించి మాట్లాడుకుందాం."

"భావాలు ఎటూ పోవు మేడం. పిల్లది రేపు గౌను వేసుకుంటానని గొడవ చేస్తోంది."

దారి చూపించింది బ్యాంకావిడే. రెడీమేడ్ కొను, లేబుల్ కత్తిరించు, రెండుసార్లు ఉతికి నలుపు. అమ్మకి మొదటి నైటీ అలాగే ఇచ్చాను. అమ్మ దాన్ని ఇంటింటికీ తిప్పి చూపించి, వేసుకుంటే పాడైపోతుందని బీరువాలో దాచింది. అయితే అబద్ధానికి కూడా ఒక హద్దుండాలని పంతులమ్మ పట్టుబట్టింది. కండక్టరమ్మ ఎక్కడి నుంచో బెల్టు పట్టుకొచ్చి మిషనుకి తగిలించింది. ఫోన్లో వీడియోలు పెట్టుకుని, ఒకరి వేలు ఒకరం కుట్టుకుంటూ, గ్రూపు అయ్యాక ఆ మూల చేరి మేం నిజంగానే నేర్చుకోవడం మొదలెట్టాం. చెప్తే నవ్వుతారు గానీ, ఆ మిషను దగ్గర తలొంచుకుని మాట్లాడినన్ని మాటలు మేం సోఫాల్లో మాట్లాడలేదు. అది మేడం కూడా కనిపెట్టింది. ఒక టిష్యూ పెట్టెని మెల్లిగా మిషను మీదికి మార్చింది.

రెండో నైటీ నేనే కుట్టాను. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వెలుతురులో తిప్పింది.

"వదినా, మొదటిది ఫ్యాక్టరీలో కుట్టినట్టుంది. ఇదేమో గొడవపడి కుట్టినట్టుంది. నేర్చుకునే కొద్దీ వెనక్కి పోతున్నావేంటి?"

మా మరదలి నోరు అలాంటిది. దాని కళ్ళు కూడా అలాంటివేనని నేనప్పుడు గుర్తించలేదు.

ఇలా ఏదో నెట్టుకొస్తుండగా, ఒక సాయంత్రం అమ్మ నా పళ్ళెంలో అన్నం పెడుతూ అంది, "బాబాయి రిటైరవుతున్నాడు కదే, ఆఫీసులో వీడ్కోలు సభట. ఆ రోజు నువ్వు కుట్టిన చొక్కాయే వేసుకుంటాడట. ఎంత మురిసిపోయాడో! ఆదివారం వస్తాడు, కొలతలు తీసుకో."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చొక్కా కొలతలంటే తెలుసుగా. మెడ చుట్టూ టేపు వెయ్యాలి. ఛాతీ చుట్టూ రెండు చేతులూ పోనివ్వాలి. భుజం, చంక, నడుము. ఆ మనిషి ఇంటికొస్తే నేను షాపులో పని ఉందని బయటే తిరిగేదాన్ని, ఒక గదిలో ఆయనా నేనూ ఉండకుండా ఇన్నేళ్ళు లెక్కలు వేసుకుంటూ బతికాను. ఇప్పుడు ఆయన ఒంటి చుట్టూ చేతులు వెయ్యాలి. కాదంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే ఇల్లు కూలుతుంది. అంతకన్నా పెద్ద భయం, చెప్పినా కూలకపోతే? నేను చెప్పాక కూడా అందరూ టీ తాగి, అయితే చొక్కా ఎప్పటికవుతుంది అంటే?

గ్రూపులో చెప్పాను. మిషను మీద పెట్టె దాకా ఎవరి చెయ్యీ పోలేదు.

"పాత చొక్కా ఒకటి పంపమను. దాన్ని బట్టి తీసుకుంటానను" అంది బ్యాంకావిడ. అదీ చేశాను. పాత చొక్కా ఇప్పుడు పట్టదమ్మా, ఒళ్ళొచ్చింది, నేనే వస్తాగా అని ఆయన కబురు. ఆయన దగ్గర అన్నిటికీ జవాబు ఉంటుంది.

టిష్యూ మేడం అంది, "ఇంట్లో చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఎవరూ తొందరపెట్టరు, నేను కూడా. కానీ కొలతలు తీయనని అనడానికి మీరు కారణం చూపించక్కర్లేదు."

కారణం చూపించకుండా కాదనడం! మా ఇంట్లో రెండోసారి కూర వద్దంటేనే ఒంట్లో బాలేదా, కోపమొచ్చిందా, ఉప్పెక్కువైందా అని ముగ్గురు మూడు వైపుల నుంచి పట్టుకుంటారు. ఈవిడకేం, సముద్రం ఫోటో కింద కూర్చుని ఎన్నైనా చెప్తుంది అనుకున్నాను. పైకే అన్నాను కూడా. ఆవిడ నొచ్చుకోలేదు. "అయితే ఇక్కడ అని చూడండి" అంది.

సరే, నాటకం మొదలైంది. పంతులమ్మ బాబాయి వేషం కట్టి గది మధ్యలో చేతులు చాపుకుని నిలబడింది. బ్యాంకావిడ మా అమ్మ. "తియ్యవే, పెద్దాయన నిలబడి ఉన్నాడు" అంది, అచ్చం అమ్మ గొంతుతో. నేను నోరు తెరిచాను. తలనొప్పిగా ఉంది అని వచ్చింది. మళ్ళీ. టేపు దొరకలేదు అని వచ్చింది. మళ్ళీ. పంతులమ్మ చేతులు పీకుతున్నాయని మూలిగింది గానీ దించలేదు. చాలాసేపటికి నా నోట్లోంచి ఒక్క మాట ఊడిపడింది: "తీయను." కండక్టరమ్మ బస్సు బయల్దేరేటప్పుడు వేసే విజిల్ వేసింది. కింద మందుల షాపతను ఏమైందోనని పైకి తొంగి చూశాడు.

ఆదివారం బాబాయి వచ్చాడు. పిన్ని రాలేదు. కాగితం సంచిలోంచి తెల్లటి ఖరీదైన గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదని తన గురించి తనే చెప్పుకున్నాడు. తమ్ముడు అవునవునన్నాడు. టీ అయ్యాక అమ్మ నా చేతిలో టేపు పెట్టింది. ఆయన ఫ్యాను కింద నిలబడి, దొంగని పోలీసులు నిలబెట్టినట్టు రెండు చేతులూ ఎత్తాడు.

"రా తల్లీ. ఈ వయసులో నా చేత చేతులెత్తించే అధికారం నీ ఒక్కదానికే ఇస్తున్నాను."

అందరూ నవ్వారు.

"తీయను" అన్నాను.

"ఏం తియ్యవు?" అంది అమ్మ.

"కొలతలు. తీయను."

"అదేంటే? ఎందుకు?"

"తీయను."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. తీయను."

నాటకంలో బ్యాంకావిడ మూడోసారికి ఊరుకుంది. మా అమ్మ ఊరుకునే రకం కాదు. ఇంకో మాట అనబోయేంతలో బాబాయే అడ్డొచ్చాడు, చేతులు దించకుండానే, తన మామూలు పెద్దరికంతో. "పోనీలే వదినా, దాన్నేమీ అనకు. సిగ్గు పడుతోంది. నా దగ్గర దానికి మొదట్నించీ మహా సిగ్గు."

సిగ్గు అన్నాడు. ఆ మనిషి, నన్ను. రిహార్సల్ తీయను వరకే. ఆ తర్వాతది నా సొంతం.

"అమ్మా, అది కుట్టు స్కూలు కాదు. బలాత్కారానికి గురైనవాళ్ళు వెళ్ళే చోటు. వీళ్ళింట్లో ఉండి చదువుకున్న ఏడాది, పిన్ని నైట్ డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా, ఈయన నా గదిలోకి వచ్చేవాడు. నేను వద్దన్నాను, ఏడ్చాను, ఆగలేదు. అందుకు వెళ్తున్నాను అక్కడికి."

గట్టిగా అరవలేదు. కాడలు సరిపోయాయా, చెవి దగ్గర నొక్కుతోందా అని షాపులో అడిగే గొంతుతోనే చెప్పాను. తమ్ముడు ఫోన్లో తల దూర్చేశాడు. ఆ ఫోను ఛార్జింగ్ లేక ఆగిపోయి అప్పటికి గంటైందని తర్వాత తెలిసింది. బాబాయి చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు. దించితే ఒప్పుకున్నట్టవుతుందనుకున్నాడో ఏమో.

ముందుగా నోరు తెరిచింది మా మరదలు.

"చేతులు దించండి చిన్నమామయ్యా. ఇంక కొలిచేదేమీ లేదు."

పిచ్చి పట్టింది దీనికి, ఎవరో ఎక్కించి పంపారు అంటూ ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. ఒక చెప్పు తొడిగాక వెనక్కి తిరిగి అమ్మ వంక చూశాడు, అమ్మ ఆపుతుందని. అమ్మ ఆపలేదు. అలా అని నా పక్కకీ రాలేదు. ఆయన వెళ్ళాక చాలాసేపటికి ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న వినండి.

"మరి ఆ నైటీ ఎవరు కుట్టారే?"

"అది కొన్నానమ్మా."

"రెండోది?"

"రెండోది నేనే."

అమ్మ తల ఊపి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కణ్ణించే, "అందరి ముందూ అనాలా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి ముందూ అనకుండా ఉన్న ఏళ్ళన్నీ కుప్ప పోసి ఆ వంటింటి గుమ్మంలో పడెయ్యాలనిపించింది. ఆ వారమంతా అమ్మ నాకు వేళకి అన్నం పెట్టింది, ఒక్క మాట పెట్టలేదు. బాబాయి వదిలేసిన గుడ్డ బల్ల మీదే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అన్నం తినేటప్పుడు కాస్త పక్కకి జరిగి కూర్చునేవాళ్ళం. నేను చెప్పడం తప్పయిందని రెండుసార్లు అనుకున్నాను, కాదని మూడోసారి అనుకున్నాను, మళ్ళీ మొదటికొచ్చాను.

గ్రూపు రోజు సంగతంతా చెప్పాను. కండక్టరమ్మ విజిల్ వెయ్యలేదు. పంతులమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అమ్మ నమ్మలేదు అని నేనంటే టిష్యూ మేడం, నమ్ముతుంది అనలేదు. అందుకు ఆవిడ మీద నాకు మొదటిసారి నిజమైన గౌరవం కలిగింది. "నమ్మకపోయినా జరిగింది జరిగిందే. మీరు చెప్పింది నిజమే" అంది.

తర్వాత మామూలుగా మిషను మూల చేరాం. నేను కాజాలు కుట్టడం నేర్చుకుంటున్నాను, ఒక్కటీ గుండీ పట్టేలా రావడం లేదు. తలుపు దగ్గర ఎవరో ఆయాసపడుతున్న చప్పుడైంది. మా అమ్మ. ఆ మోకాళ్ళతో అన్ని మెట్లూ ఎక్కింది. చంకలో కాగితం సంచి. సోఫాలనీ, మొక్కనీ, సముద్రం ఫోటోనీ, మమ్మల్ని అందరినీ వరసగా చూసింది. మేడం లేచి ఎదురెళ్ళి, అలవాటు కొద్దీ పెట్టె అందించింది. అమ్మ ఒక టిష్యూ తీసుకుని మిషను మీద దుమ్ము తుడిచింది.

"కాజాలు వంకర పోతున్నాయా?" అంది నాతో.

"పోతున్నాయి."

అమ్మ సంచిలోంచి ఆ తెల్ల గుడ్డ తీసి మిషను మీద పరిచింది. దాని మడతలు అరచేత్తో సాపు చేస్తూ, నా వంక చూడకుండా మాట్లాడింది.

"ఆ ఏడాది సెలవులకొచ్చి, తిరిగి వెళ్ళనని నా కొంగు పట్టుకుని ఏడ్చావు. చదువు మీద బద్ధకమనుకున్నాను. నేనే బస్సెక్కించాను. నువ్వు కిటికీలోంచి చూస్తుంటే, చెయ్యి కూడా ఊపాను."

అది నాకూ గుర్తుంది. ఆ చెయ్యి ఊపడం మీద నాకున్నంత కోపం ఇంకదేని మీదా లేదని, ఆవిడ చెప్పేదాకా నాకే తెలియదు. అమ్మ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. టిష్యూ మేడం చెయ్యి పెట్టె దాకా వెళ్ళి, ఎందుకో ఆగిపోయింది.

"కత్తెర ఏదీ?" అంది అమ్మ.

బ్యాంకావిడ ఇచ్చింది. అమ్మ ఆ గుడ్డని సరిగ్గా నడిమికి కత్తిరించింది, ఒక సగాన్ని మళ్ళీ సగానికి, వాటిని మళ్ళీ. తలా ఒక ముక్క పంచింది. నాకిచ్చిన ముక్క అన్నిటికన్నా పెద్దది.

"తియ్యి కాజాలు. ఎన్ని పాడైనా ఫరవాలేదు" అంది.